ఎప్పుడొస్తావని అడిగిన మనిషి

కారు ఆగాక నేను దిగడానికి పావుగంట పట్టింది. మా ఆయన కిరణ్ ఇంజిన్ ఆపి, బెల్టు తీసి, నీళ్లు తాగి, అద్దంలో జుట్టు సర్దుకుని, ఇక చేయడానికి ఏ పనీ మిగలక నా వైపు చూశాడు. వెనక సీట్లో మా అమ్మాయి నిధి అప్పటికే తలుపు తీసేసింది. ఎదురుగా దుంగల్ని నిలువునా పాతి కట్టిన ప్రహరీ, మధ్యలో పెద్ద గేటు, గేటు వెనక హ్యూరాన్ సరస్సు. ఒకప్పుడు తెల్ల వర్తకులు ఇక్కడ కూర్చుని దుప్పట్లు, రాగి కెటిల్స్, సూదులు, పూసలు ఇచ్చి, ఈ అడవుల్లో వేటాడే ఒజిబ్వే ఆదివాసుల దగ్గర బీవర్ అనే నీటి జంతువు తోళ్లు తీసుకునేవారు. ఆ ట్రేడింగ్ పోస్ట్ ఇప్పుడు మ్యూజియం. నిధికి ఈ ఏడాది బళ్లో తోళ్ల వ్యాపారం మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. “నేను అలాంటి చోటే ఒక సమ్మరంతా పనిచేశాను” అని వంటింట్లో నోరు జారాను. అంతే, తండ్రీ కూతుళ్లు ఇద్దరూ కలిసి కిచెనర్ నుంచి ఆరు గంటలు ప్రయాణం చేయించి నన్ను ఇక్కడికి లాక్కొచ్చారు.

“ఏంటి, దిగవా?” అన్నాడు కిరణ్.

“మీరు నడవండి, నేనొస్తా.”

“మామ్, ఆర్ యూ స్కేర్డ్?” అంది నిధి.

“భయమెందుకే” అని కసిరాను కానీ, భయమే. లోపల ఎడ్నా ఉంటుందేమోనని భయం, ఉండదేమోనని అంతకంటే పెద్ద భయం. ఆవిడకి నేనొక మాటిచ్చి తప్పాను. తమాషా ఏమిటంటే, ఇస్తున్నప్పుడు అది మాట ఇవ్వడమని నాకు తెలియదు. తెలిశాక కూడా నిలబెట్టుకోలేదు. ఒక్కసారి ఎదురుపడి క్షమించమని అడగాలని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను, ఇన్నేళ్లుగా ఈ వైపు రాకుండా తప్పించుకుంటూనే ఉన్నాను.

మాది జగిత్యాల. నేను కిచెనర్‌లో కాలేజీకి వచ్చిన ఏడాది మన పిల్లలు విమానాలు నింపుకుని దిగుతున్నారు. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఆడపిల్లలం. ముగ్గురం తెలంగాణ, ఇద్దరు గుంటూరు వాళ్లు, ఒకమ్మాయి కడప. పొద్దున ఆరింటికి మొదటి రైస్ కుక్కర్ ఎక్కేది, పదింటికి ఆఖరిది దిగేది. ఒక్కటే బాత్రూమ్ కాబట్టి తలుపు మీద పేర్లు, సమయాలు రాసి అంటించాం. ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు, రోజూ దాని మీదే తగాదా. పోపు పెట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు స్మోక్ అలారం కింద తువ్వాలు ఊపుతూ. ఇంగువ వాసన మా కోట్లకి పట్టేసి మాతోపాటు బస్సెక్కేది. పప్పులో చింతపండు ఎంత వేయాలనే విషయంలో గుంటూరుకీ జగిత్యాలకీ కుదిరేది కాదు. చివరికి కడప అమ్మాయి సుజాత ఎవరి మాటా వినకుండా తనకి తోచినంత వేసేది, అందరం నోరు మూసుకుని తినేవాళ్లం. ఆ పప్పు రుచి నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు. అందులో సగం ఆకలి రుచి అయి ఉంటుంది.

సమ్మర్ సెలవులు దగ్గరపడేసరికి పార్ట్‌టైమ్ ఉద్యోగాల వేట మొదలైంది. ఒక కూరగాయల స్టోర్‌లో ఇద్దరు కావాలని తెలిస్తే వెళ్లాం. లైను స్టోర్ చుట్టూ తిరిగి పార్కింగ్ దాటి బస్టాపు దాకా ఉంది. లైనులో సగం తెలుగే వినిపించింది. ముందున్న అబ్బాయి వెనక్కి తిరిగి “అక్కా, మీది ఏ ఇన్‌టేక్? ఏ నెలలో చేరారు?” అని పలకరించాడు, అందరం నవ్వుకున్నాం, ఎవరికీ ఉద్యోగం రాలేదు. ఆ వారమే నెట్‌లో ఈ మ్యూజియం ప్రకటన కనబడింది. వేసవి నాలుగు నెలలు పాతకాలపు బట్టలు కట్టుకుని, వచ్చిన వాళ్లకి ఆ కాలం కబుర్లు చెప్పాలి. ఉండడానికి గది వాళ్లే ఇస్తారు. నేను అప్లై చేస్తున్నానంటే గుంటూరు శిరీష నా చేతిలో ల్యాప్‌టాప్ లాక్కుంది.

“పిచ్చా నీకు? అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయంట.”

“ఇస్తే చాలు, ఎలుగుబంటి కిందనన్న పని చేస్త” అన్నాను.

అంత దూరం ఇంకెవరూ అప్లై చేయలేదని తర్వాత తెలిసింది. నన్ను తీసుకున్నది నా తెలివి చూసి కాదు.

మొదటి రోజే నాకు బారు గౌను, ఏప్రన్, తల మీద తెల్ల కుచ్చుల టోపీ ఇచ్చి సరుకుల గదిలో నిలబెట్టారు. గోడల నిండా వేలాడే తోళ్లు, అలమరల్లో దుప్పట్లు, పూసల దండలు. పొగ పట్టించిన జింకతోలు వాసన ఉంటుంది చూడండి, అది ఒకసారి ముక్కుకెక్కితే వారం దిగదు. ఆ సరుకుల మధ్య ఒక చెక్కపెట్టెలో కాగితం పొట్లాలు కనబడ్డాయి. విప్పితే ఎర్రటి పొడి. కుంకుమ! పొద్దున హడావిడిలో బొట్టు మరిచిపోయి వచ్చానేమో, ఇంత దూరంలో ఎవరో నా కోసమే పెట్టినట్టనిపించి, ఉంగరం వేలితో తీసి నుదుటన పెట్టుకున్నాను. “ఏయ్!” అని గుమ్మంలోంచి కేక. పొట్టిగా, బలంగా, నెరిసిన జడ ముందుకు వేసుకున్న ఒకావిడ గబగబా వచ్చి తన ఏప్రన్ అంచుతో నా నుదురు తుడిచేసింది. అది ముఖానికి రంగు వేసుకోవడానికి ఆ కాలంలో అమ్మిన పొడి అట. అసలుదైతే పాదరసం, మనిషికి విషం. అదృష్టం కొద్దీ అక్కడ పెట్టింది నకిలీ ఎర్రమట్టి. అన్నీ చెప్పి, నా ముఖం చూసి, ఇక ఆపుకోలేక నవ్వింది. “కొట్టు తెరవకముందే సరుకు వాడేసిన మొదటి వ్యాపారివి నువ్వే” అంది. ఆవిడే ఎడ్నా. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. ఇక్కడ నాకు వినబడినట్టు తెలుగులో రాస్తున్నాను.

ఎడ్నా ఒజిబ్వే మనిషి. అప్పటికే అరవై దాటింది. పోస్ట్ వెనక ఉన్న వంటిల్లు ఆవిడది. కట్టెల పొయ్యి మీద బానక్ అనే రొట్టె చేస్తూ, చూడ్డానికి వచ్చినవాళ్లకి తలా ముక్క పెడుతూ, వాళ్ల తాతముత్తాతలు తోళ్లు తెచ్చిన సంగతులు చెప్పేది. మిగతా సిబ్బంది అంతా ఆవిడని పేరుతో పిలిచేవారు. పెద్దమనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక ఆంటీ అన్నాను. తిడుతుందేమో అనుకుంటే, వంట ఆపి నా వైపు తిరిగి, “మా వాళ్లు కూడా పెద్దవాళ్లని అలాగే పిలుస్తారు. ఇక్కడి వాళ్లకే తెలియదు” అంది. ఆ రోజు నుంచి నా రొట్టె ముక్క కాస్త పెద్దదైంది. చూడవచ్చినవాళ్లలో కొందరు నా రంగు చూసి “నువ్వు ఇండియన్‌వా?” అని అడిగేవారు. అవునంటే “ఏ తెగ?” అనేవారు. “తెలంగాణ” అనేదాన్ని. వాళ్లు గౌరవంగా తలూపి వెళ్లిపోయేవారు. ఎడ్నాకి ఆ కథ చెప్తే పొట్ట పట్టుకుని నవ్వి, “ఓడలేసుకుని మీ ఊరు వెతుక్కుంటూ బయల్దేరినవాళ్లు దారి తప్పి మా ఇంటికొచ్చారు. నువ్వు ఇంత ఆలస్యంగా వచ్చావేం?” అని నన్నే దబాయించింది.

సెలవు రోజుల్లో ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. నిజానికి ఆ వేసవి నాకు గుర్తున్నది పోస్ట్ వల్ల కాదు, ఆ ఇంటి వల్ల. లేవగానే గడప ముందు ఊడ్చేది. ఊడ్చిన తర్వాతే ఎవరితోనైనా మాట. టీ మాత్రం మన లాగే పొయ్యి మీద గిన్నెలో మరగబెట్టి, డబ్బా పాలు పోసి, చిక్కగా చేసేది. మొదటిసారి ఆ టీ తాగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. బాగుండి కాదు, చక్కెర ఎక్కువై, అచ్చం మా నాయనమ్మ చేసినంత ఘోరంగా ఉండి. సాయంత్రం రేడియోలో బింగో ఆట వచ్చేది. అంకెలు చదువుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. నేను శనివారాలు మాంసం తిననని తెలిశాక, ఆ రోజు చేపల కూర పక్కన నాకోసం అడవి బియ్యం విడిగా వండి పెట్టి, “ఇవాళ మీ దేవుడి రోజు కదా” అనేది. పేరు నోరు తిరక్క ఆయన్ని “శనివారం పెద్దాయన” అనేది. నేను కూడా ఆ తర్వాత చాలాకాలం అలాగే దండం పెట్టుకున్నాను.

ఎడ్నాకి తన భాష ఎక్కువ రాదు. చిన్నప్పుడు సర్కారు వాళ్లు తీసుకెళ్లి పడేసిన బోర్డింగ్ బడిలో ఆ భాషలో నోరెత్తితే కొట్టేవారట. తిరిగొచ్చాక వాళ్ల అమ్మమ్మ దగ్గర ఏరుకున్నవి కొన్ని మాటలు. ఆ కాసిన్నింటినీ ఆవిడ ఊరికే వాడేది కాదు. మిగ్వెచ్ అంటే కృతజ్ఞత. అది నిజంగా మనసులో ఉంటేనే అనేది. మనసులో లేకపోతే ఇంగ్లీషులో థాంక్యూ అనేది. నేనేమో రోజంతా ఫోన్‌లో తెలుగు ధారగా పోసేదాన్ని. అమ్మతో, శిరీషతో, ఊళ్లో పిన్నితో. ఏం మాట్లాడానో పెట్టేయగానే మరిచిపోయేదాన్ని. మాటకి అంత విలువ కట్టే మనిషి దగ్గర నాలుగు నెలలు ఉండి కూడా నాకది బుర్రకెక్కలేదు.

ఆగస్టు ఆఖరున కాలేజీ తెరుస్తున్నారని బయల్దేరాను. పెట్రోల్ బంకు దగ్గర బస్సు. ఎడ్నా తన పాత ట్రక్కులో దింపింది. సూట్‌కేస్ బస్సులో పెట్టాక వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టబోతే నా చెవి పట్టుకుని పైకి లేపింది. అప్పుడు నోటికొచ్చిన మాటే ఇంగ్లీషులో అనేశాను. “ఆంటీ, ఐ విల్ గో అండ్ కమ్.” మనం ఎన్ని లక్షలసార్లు అని ఉంటాం ఆ మాట! వెళ్లొస్తాను. కూరగాయల వాడి దగ్గరా అంటాం, జన్మలో మళ్లీ కనబడని డాక్టరు దగ్గరా అంటాం. వెళ్తాను అని ఊరుకుంటే అశుభమని పెద్దవాళ్లు వెనక్కి పిలిచి మరీ అనిపిస్తారు. ఆ మాటకి “ఎప్పుడొస్తావ్?” అని అడిగిన మనిషిని నేను పుట్టాక చూడలేదు. ఎడ్నా అడిగింది.

“ఎప్పుడొస్తావ్?”

ఊరికే అన్నానని ఎలా చెప్పను? “నెక్స్ట్ సమ్మర్” అన్నాను.

“మే లాంగ్ వీకెండ్‌కి గేటు తీస్తారు. నేను వంటింట్లో ఉంటాను. జనం ఉంటారు, నువ్వు పక్క తలుపు నుంచి రా.” అని, “బామాపీ” అంది.

నాకు మొదట “బామ్మా, పో” అన్నట్టు వినబడి నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ల భాషలో గుడ్‌బైకి మాట లేదట. బామాపీ అంటే తర్వాత కలిసేదాకా అని. “విడిపోవడానికి మాకు మాట లేదు. మీకూ లేదన్నమాట. మంచిది” అంది. బస్సు కదిలాక వెనక్కి చూస్తే ఆవిడ ఇంకా అక్కడే ఉంది, చెయ్యి ఊపకుండా నిలబడి.

నేను మేలో వెళ్లలేదు. ఏప్రిల్‌తో కోర్సు అయింది. వర్క్ పర్మిట్ వచ్చింది. రిచ్‌మండ్ హిల్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఆ అనుభవమే లెక్కలోకి వస్తుంది, మ్యూజియంలో రొట్టెలు పంచితే రాదు. చేరిన మూడో వారానికి లాంగ్ వీకెండ్ వచ్చింది. సెలవు మామూలుగా ఉన్నదే, ఎవర్నీ అడగనక్కర్లేదు. శుక్రవారం రాత్రి బస్సు టైము కూడా చూశాను. ఆరు గంటలు వెళ్లి ఆరు గంటలు రావాలా, రొట్టె తినడానికి, అనుకుని బట్టలు ఉతుక్కున్నాను. కనీసం ఫోన్ చేయొచ్చు. మొదటి నెల తీరిక లేదన్నది కారణం. మూడో నెలకి కారణం పోయి సిగ్గు మిగిలింది. ఏడాది తిరిగేసరికి ఆ సిగ్గు ఎంత పెద్దదైందంటే, పీఆర్ వచ్చిన రోజు అందరికీ ఫోన్ చేసి ఎడ్నాకి చేయలేకపోయాను. ఆ తర్వాత పెళ్లి, నిధి, మళ్లీ కిచెనర్‌లోనే ఇల్లు. ప్రతి మే నెలలో ఒక రోజు మాత్రం, కట్టెల పొయ్యి ముందు కూర్చుని పక్క తలుపు వైపు చూసే మనిషి గుర్తొచ్చి అన్నం సహించేది కాదు.

ఎట్టకేలకు కారు దిగాను. టికెట్ కౌంటర్‌లో అదే బారు గౌను, అదే కుచ్చుల టోపీతో ఒక అమ్మాయి. మేం మాట్లాడుకోవడం విని “మీరు తెలుగాండీ?” అంది. విజయవాడ. కాలేజీలో రెండో సెమిస్టర్. పేరు హారిక. ఇంకో ఇద్దరు తెలుగు పిల్లలు లోపల ఉన్నారట. నేను పని చేసిన వేసవి అంతా ఇక్కడ తెలుగు మాట వినబడితే ఫోన్‌లో నాది, లేకపోతే నా గొణుగుడు. ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. సరుకుల గదిలో తోళ్లు అలాగే ఉన్నాయి. ఎర్రపొడికి మాత్రం అద్దం బిగించారు. వంటింటి పొయ్యి ఆరిపోయి ఉంది, కట్టెల వాసన లేదు. రొట్టె ఇప్పుడు కెఫేలో అమ్ముతున్నారు, జామ్‌తో. మా కాలమే గొప్పదని అనబోవడం లేదు. ఆ ఆరుగురి బేస్‌మెంట్‌కి మళ్లీ వెళ్లమంటే నేను వెళ్లను. ఇప్పుడు నాకు రెండు బాత్రూములున్నాయి, పోపు పెడితే తువ్వాలు ఊపేవాళ్లు అక్కర్లేదు. కానీ అప్పుడు ఒక మాట అంటే ఎదుటి మనిషి ఆగి నా ముఖంలోకి చూసేది. ఇప్పుడు రోజుకి వంద మెసేజ్‌లు పంపుతాను, ఎవరూ ఎప్పుడొస్తావని అడగరు. నిధికి తెలుగు మాటలు కొన్నే వచ్చు. ఈ మధ్య దాన్ని తిట్టడం మానేసి, ఉన్న ఆ కొన్నీ ఎలా వాడుతుందో గమనిస్తున్నాను.

ధైర్యం చేసి హారికని అడిగాను. “ఇక్కడ వంటింట్లో ఎడ్నా అని ఒకావిడ...”

“ఎడ్నా గారా? ఉన్నారండీ! పని మానేసి చాలా ఏళ్లయిందంట. ఇక్కడికి పది నిమిషాలే, ఊళ్లో పెద్దవాళ్ల హోమ్‌లో ఉంటారు. మొన్న మ్యూజియం వాళ్లు మమ్మల్నందర్నీ తీసుకెళ్లి పరిచయం చేశారు. మధ్యాహ్నం పూట వెళ్తే మాట్లాడతారు, వెళ్లండి.”

ఆ పది నిమిషాల్లో నేను చెప్పాల్సిన మాటలన్నీ పైకే వరసగా పేర్చుకున్నాను. పర్మిట్, పీఆర్, కొత్త ఉద్యోగం. వింటున్న కిరణ్ “అవన్నీ ఎందుకు? సారీ చెప్పు చాలు” అన్నాడు. హోమ్‌లో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఎడ్నా కూర్చుని ఉంది. జడ పూర్తిగా తెల్లబడింది, మనిషి సగమైంది. నన్ను చూసి కళ్లు చికిలించింది. నేను ఆంటీ అనబోయేలోపే “ప్రసన్” అంది, ప్రసన్నలో చివరి అక్షరం ఎప్పటిలాగే మింగేసి. నిధి చేయి అందుకుని, అది ఎవరో అడగకుండానే తన పక్కన నిలబెట్టుకుంది. నేను పేర్చుకున్న మొదటి వాక్యం అందుకునేసరికి ఆవిడే చేయెత్తి ఆపింది.

“ముందు నేను చెప్పాలి. నన్ను క్షమించు.”

నాకు అర్థం కాలేదు.

“ఆ ఏడాది మార్చిలో మంచు మీద జారి పడ్డాను. తుంటి విరిగింది. జూలై దాకా ఆసుపత్రిలోనే ఉన్నాను, మళ్లీ ఆ వంటింటికి వెళ్లనే లేదు. నీ నంబరు ఎవరి దగ్గరా లేదు. బామాపీ అని నేనే అన్నాను, నేనే లేకుండా పోయాను. అంత దూరం బస్సులో వచ్చి ఉంటావు. పక్క తలుపుకి తాళం వేసి ఉంటుంది. ఎంతసేపు నిలబడ్డావ్?”

వచ్చావా అని అడగలేదు. నేను వస్తానన్నాను కాబట్టి వచ్చే ఉంటానని ఆవిడకి అన్నేళ్లలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఎక్కువసేపు కాదులే ఆంటీ, అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. నా సిగ్గూ దాగేది, ఆవిడ ముందు నా పరువూ నిలిచేది. కానీ ఆవిడ ముఖం చూశాక అర్థమైంది, ఆ తలుపు దగ్గర నిలబడిన అమ్మాయిని తలుచుకుని ఈ మనిషి ఎన్ని మే నెలలు బాధపడిందో. అలాంటి అమ్మాయే లేదు.

“నేను రాలేదు ఆంటీ” అన్నాను. “అసలు బస్సే ఎక్కలేదు. ఇంట్లో కూర్చుని బట్టలు ఉతుక్కున్నాను.”

ఎడ్నాకి కోపం వస్తుందనుకున్నాను. కుర్చీ చేతుల్ని పట్టుకున్న ఆవిడ వేళ్లు వదులయ్యాయి. పెద్దగా ఊపిరి వదిలి, కళ్లు తుడుచుకుని, పక్కనున్న కుర్చీ మీద చేత్తో తట్టింది.

“ఇన్నేళ్లూ నిన్ను ఆ చలిలో తలుపు బయట నిలబెట్టానే అనుకుంటూ ఉన్నాను” అంది. “ఇక కూర్చో.”